దుబాయ్, షార్జాలో ఫ్యామిలీకి ఇల్లు: కిరాయి ఎంత అని అడిగే ముందు తెలుసుకోవాల్సినవి

దుబాయ్‌లో మంచి ఉద్యోగం వచ్చిందంటే ఇంట్లో స్వీట్లు పంచుతారు. భార్యాపిల్లల్ని ఎప్పుడు తీసుకెళ్తున్నావని మరుసటి రోజు నుంచే బంధువులు అడగడం మొదలుపెడతారు. జీతం ఎంతో అందరికీ తెలుసు. ఇంటి ఖర్చు అక్కడ ఏ లెక్కన నడుస్తుందో మాత్రం వెళ్లేదాకా చాలా మందికి తెలియదు. హైదరాబాద్‌లోనో కర్నూలులోనో అయితే రెండు నెలల అడ్వాన్స్ ఇచ్చి, ప్రతి నెలా మొదటి వారంలో ఓనర్‌కు కిరాయి పంపితే సరిపోతుంది. దుబాయ్‌లో అలా కాదు. కిరాయి ఏడాది లెక్కన మాట్లాడతారు. దాన్ని ముందే చెక్కులుగా రాసివ్వాలి. ఆ ఒప్పందం ప్రభుత్వ రికార్డులోకి ఎక్కాలి. ఎక్కకపోతే ఇంట్లో సామాను ఉన్నా, తాళం చేతిలో ఉన్నా, చట్టం దృష్టిలో ఆ కుటుంబానికి ఇల్లు లేనట్టే.

కరీంనగర్, జగిత్యాల, నిజామాబాద్, కడప, రాయచోటి ప్రాంతాల నుంచి గల్ఫ్ వెళ్లేవారిలో చాలా మంది కంపెనీ క్యాంపుల్లో ఉంటారు. వాళ్ల వసతి కంపెనీ బాధ్యత. ఈ వివరాలు ఎక్కువగా పనికొచ్చేది ఫ్యామిలీని తీసుకెళ్లాలనుకునే అకౌంటెంట్లు, సేల్స్‌మెన్లు, నర్సులు, టెక్నీషియన్లు, చిన్న వ్యాపారాలు చేసేవారికి.

ఈజారీ ఎవరి పేరున ఉంది?

దుబాయ్‌లో కిరాయి ఒప్పందాన్ని నమోదు చేసే ప్రభుత్వ వ్యవస్థ పేరు ఈజారీ. 2010 నుంచి నడుస్తోంది. అరబీలో ఈ మాటకు ‘నా కిరాయి’ అని అర్థం. ఉర్దూ తెలిసినవారు విన్న ‘ఇజారా’ అనే మాటకు, దీనికి మూలం ఒకటే. ఓనర్ సంతకం చేసిన ఒప్పందం, పాస్‌పోర్టు, వీసా, ఎమిరేట్స్ ఐడీ పెడితే సుమారు 220 దిర్హాములకు టైపింగ్ సెంటర్‌లో పని అయిపోతుంది.

ఖర్చు చిన్నదే కానీ దాని మీద ఆధారపడే పనులు పెద్దవి. కరెంటు, నీళ్ల కనెక్షన్‌కు ఈజారీ కావాలి. ఓనర్‌తో గొడవ వస్తే కేసు వేయడానికి కావాలి. అన్నిటికంటే ముఖ్యంగా భార్యాపిల్లల రెసిడెన్స్ వీసాకు కావాలి. వీసాకు స్పాన్సర్ చేసే వ్యక్తి జీతం కనీసం 4,000 దిర్హాములు ఉండాలి, లేదా 3,000 దిర్హాములతో పాటు కంపెనీ వసతి ఉండాలి అన్నది నిబంధన. జీతం సరిపోయినా తన పేరున కిరాయి ఒప్పందం లేక ఆగిపోయేవాళ్లు ఉంటారు. 4,000 జీతానికి వీసా రావచ్చు గానీ ఆ జీతంతో దుబాయ్‌లో విడిగా ఫ్లాట్ తీసుకుని కుటుంబాన్ని నడపడం దాదాపు కుదరని పని అని కూడా చెప్పుకోవాలి.

షార్జాలో ఇదే పని మున్సిపాలిటీ అటెస్టేషన్ రూపంలో జరుగుతుంది. 2024లో వచ్చిన 5వ నంబరు చట్టం ప్రకారం ఒప్పందం రాసుకున్న 15 రోజుల్లో ఓనర్ దాన్ని అటెస్ట్ చేయించాలి. అబుధాబిలో దీన్ని తౌసీఖ్ అంటారు. ‘నిఖానామా తస్దీఖ్’ అని వినే మన ఇళ్లలో ఈ మాట కొత్తగా అనిపించదు.

ఫ్లాట్‌లో ఒప్పందదారుతో పాటు ఎవరెవరు ఉంటున్నారో కూడా దుబాయ్ ల్యాండ్ డిపార్ట్‌మెంట్ యాప్‌లో నమోదు చేయాలన్న నియమం 2022లో వచ్చింది. బావమరిదో తమ్ముడో ఆరు నెలలు వచ్చి ఉంటే ఏమవుతుందిలే అనుకోకుండా అతని పేరు కూడా ఎక్కించడం మంచిది.

వీసా పని కోసం తెలిసినవాళ్ల ఈజారీని కొంత డబ్బిచ్చి ‘వాడుకునే’ పద్ధతి గురించి కూడా కొందరు సలహా ఇస్తుంటారు. అక్కడ నివాసం లేకుండా ఆ కాగితం చూపడం తప్పుడు పత్రం ఇవ్వడమే. పట్టుబడితే పోయేది సలహా ఇచ్చినవాడి వీసా కాదు.

మొదటి రోజు చేతిలో ఎంత ఉండాలి

ఏడాదికి 60,000 దిర్హాముల ఫ్లాట్ అనుకుందాం. నెలకు 5,000 పడుతుంది కదా అని చాలా మంది అక్కడే లెక్క ఆపేస్తారు. నాలుగు చెక్కులకు ఓనర్ ఒప్పుకుంటే మొదటి చెక్కు 15,000. బ్రోకర్ కమీషన్ మామూలుగా 5 శాతం, అంటే 3,000. దాని మీద 5 శాతం వ్యాట్ 150. సెక్యూరిటీ డిపాజిట్ ఫర్నిచర్ లేని ఇంటికి 5 శాతం, ఫర్నిచర్ ఉంటే 10 శాతం తీసుకోవడం ఆనవాయితీ. ఫర్నిచర్ లేనిదే తీసుకుంటే ఇంకో 3,000. దుబాయ్ కరెంటు, నీళ్ల సంస్థ ‘దేవా’ దగ్గర ఫ్లాట్‌కు డిపాజిట్ 2,000, విల్లా అయితే 4,000. ఈజారీ 220. మొత్తం 23,370 దిర్హాములు. ఇంట్లోకి ఇంకా మంచం కూడా రాలేదు, గ్యాస్ పొయ్యి కూడా రాలేదు.

దీనికి తోడు హౌసింగ్ ఫీజు ఒకటుంది. ఏడాది కిరాయిలో 5 శాతాన్ని 12 భాగాలు చేసి దేవా బిల్లులో కలుపుతారు. 60,000 ఫ్లాట్‌కు నెలకు 250 దిర్హాములు. కరెంటు ఒక్క యూనిట్ కాల్చకపోయినా ఇది వస్తుంది. మొదటి బిల్లు చూసి మీటర్ తప్పు తిరుగుతోందని ఫిర్యాదు చేసేవాళ్లు చాలాసార్లు చూసేది ఈ ఫీజునే.

చెక్కుల సంఖ్య తగ్గితే కిరాయి తగ్గించమని బేరం ఆడొచ్చు. ఒకే చెక్కు ఇస్తామంటే ఓనర్లు సాధారణంగా కొంత దిగుతారు. అయితే ఆ ఒక్క చెక్కు కోసం ఊళ్లో వడ్డీకి అప్పు తెచ్చేవాళ్లున్నారు. తగ్గిన కిరాయి ఎంత, కట్టే వడ్డీ ఎంత అని కాగితం మీద పక్కపక్కనే రాసి చూస్తే చాలాసార్లు ఆ బేరం నష్టమే. వడ్డీ పాపం సంగతి సరేసరి. కొన్ని కంపెనీలు ఏడాది హౌసింగ్ అలవెన్స్‌ను ముందే ఒకేసారి ఇస్తాయి. చేరేటప్పుడే హెచ్‌ఆర్‌ను అడిగి ఆఫర్ లెటర్‌లో రాయించుకుంటే అప్పు అవసరం పడదు.

కొత్తగా వెళ్లినవారికి ఎమిరేట్స్ ఐడీ, చెక్‌బుక్ చేతికొచ్చే దాకా ఏడాది ఒప్పందం కుదరడం కష్టం. ఆ మొదటి వారాలు ఒంటరిగా నెలవారీ వసతిలో ఉండి, ఇల్లు కుదిరాక కుటుంబాన్ని పిలిపించుకోవడమే నడిచే దారి. టికెట్లు ముందే బుక్ చేసి ఇల్లు తర్వాత వెతికితే బ్రోకర్ ఏది చూపిస్తే అది తీసుకోవాల్సి వస్తుంది.

చెక్కు బౌన్స్ అయితే

ఒకప్పుడు యూఏఈలో చెక్కు బౌన్స్ అంటే నేరుగా జైలు భయం. 2022 జనవరి 2 నుంచి చట్టం మారింది. ఖాతాలో డబ్బు లేక చెక్కు తిరిగొస్తే అది ఇప్పుడు మామూలుగా క్రిమినల్ కేసు కాదు. అలాగని వదిలేయరు. ఖాతాలో ఉన్నంత మేరకు బ్యాంకు చెల్లిస్తుంది. మిగతా మొత్తం కోసం ఓనర్ ఆ చెక్కుతోనే నేరుగా అమలు కోర్టుకు వెళ్లొచ్చు. ఆ దారిలో ఖాతా ఫ్రీజ్ కావచ్చు, ట్రావెల్ బ్యాన్ పడొచ్చు. కావాలని ఖాతా మూసేయడం, కారణం లేకుండా చెక్కు ఆపమని బ్యాంకుకు చెప్పడం మాత్రం ఇప్పటికీ నేరమే. ఇంట్లో ఎవరికో బాగాలేక ఇండియా బయల్దేరినవాళ్లకు ఎయిర్‌పోర్టులో ట్రావెల్ బ్యాన్ సంగతి తెలియడం కంటే పెద్ద కష్టం ఉండదు. డబ్బు ఆలస్యమవుతుందని తెలిసినప్పుడు చెక్కు తేదీకి ముందే ఓనర్‌కు రాతపూర్వకంగా చెప్పి కొత్త తేదీ అడగడం మేలు.

పార్టిషన్ గది: చవకే, కానీ

కిరాయి భారం చూసి చాలా కుటుంబాలు షేరింగ్‌కు దిగుతాయి. డబుల్ బెడ్‌రూమ్ ఫ్లాట్‌లో ఒక గది ఒక కుటుంబానికి, ఇంకో గది ఇంకొకరికి. హాల్ మధ్యలో ప్లైవుడ్ లేదా జిప్సం బోర్డు గోడ కట్టి మూడో గది. బాల్కనీలో ఒక బెడ్ స్పేస్. డేరా, కరామా, సత్వా పక్క ఇది కొత్త విషయమేమీ కాదు. నెలకు వేలల్లో మిగులుతుంది కాబట్టి దీన్ని తప్పని తేలిగ్గా తీసిపారేయలేం. ఇంటికి డబ్బు పంపాల్సినవాడికి ఇంకో దారి కనిపించదు.

కానీ చట్టం ఏమంటుందో తెలిసి ఉండాలి. 2007 నాటి 26వ నంబరు దుబాయ్ కిరాయి చట్టం ప్రకారం ఓనర్ రాతపూర్వక అనుమతి లేకుండా ఫ్లాట్‌ను మళ్లీ ఇంకొకరికి కిరాయికి ఇవ్వకూడదు. ఇస్తే గడువు ముగియకముందే అసలు కిరాయిదారుతో పాటు లోపలున్నవారందరినీ ఖాళీ చేయించే హక్కు ఓనర్‌కు ఉంది. గది తీసుకున్న కుటుంబం నష్టపరిహారం అడగాలంటే, తమకు గది ఇచ్చిన ఆ కిరాయిదారునే అడగాలి. అప్పటికి అతని ఫోన్ పని చేస్తుందా అన్నది వేరే విషయం.

అనుమతి లేని పార్టిషన్ల మీద మున్సిపాలిటీ తనిఖీలు కూడా జరుగుతాయి. 2025 జూన్‌లో అల్ రిగ్గా, అల్ మురఖ్ఖబాత్, అల్ బర్షా, అల్ సత్వా, అల్ రఫా ప్రాంతాల్లో దుబాయ్ మున్సిపాలిటీ పెద్ద ఎత్తున చర్య తీసుకుంది. దీనికి కారణం అగ్నిప్రమాద భయం. బోర్డు గోడలు త్వరగా అంటుకుంటాయి, బయటికి వెళ్లే దారిని మూసేస్తాయి. పిల్లలున్న గదికి కిటికీ లేకపోవడం, తలుపు దాకా పోవడానికి ఇద్దరు ముగ్గురి మంచాలు దాటాల్సి రావడం అనేవి కిరాయి తగ్గుదలతో సరిపెట్టుకునే విషయాలు కావు.

షేరింగ్ తప్పదనుకుంటే, అసలు గోడలున్న గదినే చూసుకోవాలి. ఓనర్ అనుమతి కాగితం చూపించమని అడగాలి. తమ పేర్లు యాప్‌లో నివాసులుగా చేర్చమనాలి. ‘అవన్నీ ఎందుకు భాయ్, మనోళ్లమే కదా’ అన్న జవాబు వస్తే ఆ ఇల్లు వదిలేయడమే మంచిది.

బ్రోకర్ ఎవరు, ఓనర్ ఎవరు

దుబాయ్‌లో బ్రోకర్‌కు ప్రభుత్వ రెగ్యులేటర్ ‘రెరా’ ఇచ్చిన కార్డు, నంబరు ఉండాలి. ఆన్‌లైన్ ప్రకటనకు పర్మిట్ ఉండాలి. ప్రకటన మీది క్యూఆర్ కోడ్ స్కాన్ చేస్తే ఆ ఫ్లాట్ వివరాలు ల్యాండ్ డిపార్ట్‌మెంట్ దగ్గరున్న వాటితో సరిపోయాయో లేదో తెలిసిపోతుంది. మార్కెట్ ధర కంటే బాగా తక్కువకు, ఫొటోలు మాత్రం హోటల్‌లా, ‘టోకెన్ ఇప్పుడే పంపండి, ఇంకో పార్టీ రెడీగా ఉంది’ అన్న తొందర. ఈ మూడూ ఒకే ప్రకటనలో కనిపిస్తే డబ్బు పంపే ముందు ఆగాలి.

ఇంకో మోసం ఉంది. ఇది ఎక్కువ నష్టం చేస్తుంది, ఎందుకంటే ఇందులో ఫ్లాట్ నిజంగానే ఉంటుంది. ఒక మధ్యవర్తి కంపెనీ ఓనర్ల దగ్గర ఫ్లాట్లు తీసుకుని వాళ్లకు నాలుగైదు చెక్కులు ఇస్తుంది. అవే ఫ్లాట్లను కొంచెం తక్కువ కిరాయికి, కానీ ఏడాది డబ్బు ఒకేసారి ఇవ్వాలనే షరతుతో కుటుంబాలకు ఇస్తుంది. రెండు మూడు నెలలయ్యాక ఓనర్లకు ఇచ్చిన చెక్కులు బౌన్స్ అవడం మొదలవుతుంది. ఆఫీసుకు వెళ్తే తాళం. ఏడాది కిరాయి కట్టేసిన కుటుంబం తలుపు దగ్గర ఓనర్ నిలబడి ఖాళీ చేయమంటాడు.

దీనికి అడ్డుకట్ట ఒక్కటే. చెక్కు టైటిల్ డీడ్ మీద ఉన్న ఓనర్ పేరునే రాయాలి. మధ్యలో కంపెనీ ఉంటే, ఆ ఫ్లాట్‌ను కిరాయికి ఇచ్చి డబ్బు తీసుకునే అధికారం దానికి ఉన్నట్టు ఓనర్ ఇచ్చిన నోటరీ పవర్ ఆఫ్ అటార్నీ లేదా ల్యాండ్ డిపార్ట్‌మెంట్‌లో నమోదైన మేనేజ్‌మెంట్ ఒప్పందం చూడాలి. నగదు ఎంత ఇచ్చినా రసీదు ఉండాలి. డబ్బు ఇచ్చేశాక ‘రేపు ఈజారీ చేయిస్తా’ అన్న మాటకు విలువ లేదు.

ఓనర్ కిరాయి పెంచుతానంటే

ఇక్కడ దుబాయ్ చట్టం కిరాయిదారుకు మన దగ్గరకంటే గట్టి రక్షణే ఇస్తుంది. తెలియక దాన్ని వాడుకోనివాళ్లే ఎక్కువ.

కిరాయి పెంచాలంటే ఒప్పందం ముగియడానికి కనీసం 90 రోజుల ముందు ఓనర్ తెలియజేయాలి. ఎంత పెంచొచ్చు అన్నది 2013 నాటి 43వ నంబరు డిక్రీ చెబుతుంది. ఇప్పుడు కడుతున్న కిరాయి ఆ ప్రాంతపు సగటు కంటే 10 శాతం లోపే తక్కువ ఉంటే పైసా పెంచకూడదు. 11 నుంచి 20 శాతం తక్కువ ఉంటే 5 శాతం దాకా, 21 నుంచి 30 ఉంటే 10 శాతం దాకా, 31 నుంచి 40 ఉంటే 15 శాతం దాకా, 40 దాటితే 20 శాతం దాకా పెంచొచ్చు. సగటు ఎంతో ల్యాండ్ డిపార్ట్‌మెంట్ స్మార్ట్ రెంటల్ ఇండెక్స్‌లో చూసుకోవచ్చు. 2025 జనవరిలో వచ్చిన ఈ ఇండెక్స్ బిల్డింగ్‌ను బట్టి కూడా లెక్క కడుతుంది. ఉదాహరణకు 60,000 కడుతున్న ఫ్లాట్‌కు ఇండెక్స్ 72,000 చూపిస్తే తేడా 16.7 శాతం. పెంపు 5 శాతం మించకూడదు, అంటే కొత్త కిరాయి 63,000. ఓనర్ 72,000 అడిగినా చట్టం ఒప్పుకోదు.

ఖాళీ చేయమనడానికి కూడా కారణం కావాలి. ఇల్లు అమ్ముకోవడం, తానో తన దగ్గరి కుటుంబ సభ్యులో ఉండటం, కూల్చి కట్టడం, ఖాళీ చేస్తే తప్ప కుదరని పెద్ద రిపేర్లు లాంటివి. అలాంటప్పుడు 12 నెలల ముందు నోటరీ ద్వారా గానీ రిజిస్టర్డ్ పోస్టులో గానీ నోటీసు ఇవ్వాలి. వాట్సాప్ మెసేజ్ చెల్లదు. సొంతంగా ఉండటానికని ఖాళీ చేయించి రెండేళ్ల లోపు వేరేవారికి కిరాయికి ఇస్తే పాత కిరాయిదారు పరిహారం కోరవచ్చు. ఇల్లు వేరేవారికి అమ్మేసినా ఉన్న ఒప్పందం కొత్త ఓనర్‌తో కొనసాగుతుంది. ఒత్తిడి చేయడానికి కరెంటు, నీళ్లు కట్ చేయడం నిషేధం.

గొడవ ముదిరితే రెంటల్ డిస్ప్యూట్స్ సెంటర్ ఉంది. ఫీజు ఏడాది కిరాయిలో 3.5 శాతం, కనీసం 500, గరిష్ఠంగా 20,000 దిర్హాములు. 60,000 కిరాయికి 2,100 పడుతుంది. ఆ ఖర్చు చూసి వెనక్కి తగ్గేవారున్నారు. ఇండెక్స్ ప్రింటు, డిక్రీ నంబరు ఓనర్‌కు పంపితే చాలాసార్లు సెంటర్ దాకా పోకుండానే మాట తేలుతుంది.

షార్జాలో 2024 చట్టం ప్రకారం ఒప్పందం మొదలైన మూడేళ్ల దాకా మామూలుగా కిరాయి పెంచకూడదు. అబుధాబిలో ఏడాదికి 5 శాతమే పరిమితి. ఒక ఎమిరేట్ నియమం ఇంకోచోట చెల్లదు. దుబాయ్‌లో ఉన్న స్నేహితుడి సలహా షార్జా ఓనర్ దగ్గర పని చేయకపోవడానికి కారణం ఇదే.

ఎండ ఖర్చు

జూన్ నుంచి సెప్టెంబర్ దాకా అక్కడ పగలు 45 డిగ్రీల దగ్గర ఉంటుంది. రాత్రి కూడా ఉక్కపోతే. రామగుండం ఎండ చూసినవాళ్లకు వేడి కొత్త కాకపోవచ్చు గానీ, ఏసీ ఆపడమన్నదే లేని ఇల్లు మాత్రం కొత్త. అందుకే ‘చిల్లర్ ఫ్రీ’ అన్న మాట ప్రకటనల్లో అంత పెద్దగా రాస్తారు. చల్లదనం ఖర్చు ఓనర్ పెట్టుకుంటాడని దాని అర్థం. అది లేని బిల్డింగుల్లో రెండు రకాలు. ఫ్లాట్‌లోనే ఏసీలుంటే ఆ ఖర్చు దేవా బిల్లులో కలుస్తుంది. బిల్డింగ్ మొత్తానికి డిస్ట్రిక్ట్ కూలింగ్ ఉంటే వేరే కంపెనీకి వేరే డిపాజిట్, వేరే బిల్లు. ఇందులో వాడకం తక్కువైనా నెలనెలా పడే స్థిర ఛార్జీ ఉండొచ్చు. కిరాయి 3,000 తక్కువని తీసుకున్న ఫ్లాట్ చిల్లర్ బిల్లుతో ఖరీదైపోవచ్చు.

ఇల్లు చూడటానికి మధ్యాహ్నం మూడింటికి వెళ్లడం మంచిది. పడమటి వైపు పెద్ద అద్దాలుంటే ఆ సమయంలో గది పరిస్థితి అర్థమవుతుంది. సాయంత్రం వెళ్తే గాలి, లైట్లు, వ్యూ అన్నీ బాగానే కనిపిస్తాయి. ఏసీ సర్వీసు ఎవరు చేయించాలో ఒప్పందంలో ఉండాలి. చట్టం ప్రకారం వేరే మాట రాసుకోకపోతే రిపేర్లు ఓనర్‌వే.

షార్జా నిజంగా చవకా?

కిరాయి వరకైతే చవకే. రోలా, అల్ మజాజ్, తఆవున్, షార్జా వైపు నహ్దాలో తెలుగువాళ్లు, హైదరాబాదీలు చాలా మంది ఉంటారు. హలాల్ దుకాణానికి, మసీదుకు వెతుక్కునే పనే ఉండదు. కానీ ఉద్యోగం దుబాయ్‌లో అయితే ఉదయం, సాయంత్రం ఆ రోడ్ల మీద గంటలు పోతాయి. సొంత కారుంటే దుబాయ్ సాలిక్ టోల్ రద్దీ వేళల్లో గేటు దాటిన ప్రతిసారీ 6 దిర్హాములు. పెట్రోలు అదనం. దుబాయ్ వైపు అల్ ఖుసైస్, అల్ నహ్దాలో ఇండియన్ సిలబస్ స్కూళ్లు దగ్గర. పిల్లల స్కూల్ బస్సు ఫీజు, తండ్రి ప్రయాణం కలిపి చూశాకే షార్జా కిరాయి, దుబాయ్ కిరాయి మధ్య తేడా ఎంతో తెలుస్తుంది. భార్య కూడా ఉద్యోగం చేసే ఇళ్లలో ఆ తేడా ఇంకా తగ్గిపోతుంది.

ఉద్యోగం పోతే

ఏడాది ఒప్పందాన్ని మధ్యలో ఒక్క పక్షమే రద్దు చేసుకోవడానికి దుబాయ్ చట్టం దారి ఇవ్వదు. అందుకే సంతకం చేసే ముందే ‘ఉద్యోగం పోయినా, ట్రాన్స్‌ఫర్ అయినా రెండు నెలల నోటీసుతో, రెండు నెలల కిరాయి జరిమానాతో వెళ్లిపోవచ్చు’ అనే తరహా షరతు రాయించుకోవాలి. చాలా మంది ఓనర్లు దీనికి ఒప్పుకుంటారు. అడగనివాళ్లకు మాత్రం ఎవరూ గుర్తుచేసి రాయరు.

వెళ్లేటప్పుడు మిగిలిన పోస్ట్‌డేటెడ్ చెక్కులు చేతికి తీసుకోకుండా విమానం ఎక్కకూడదు. దేవా ఫైనల్ బిల్లు కట్టి డిపాజిట్ వాపసు అడగాలి, ఈజారీ రద్దు చేయించాలి. ఇంట్లో దిగిన రోజే గోడలు, ఏసీ, బాత్‌రూమ్ వీడియో తీసి ఓనర్‌కు పంపి ఉంచితే, సెక్యూరిటీ డిపాజిట్‌లో కోత పెట్టే మాట వచ్చినప్పుడు పనికొస్తుంది.

కొనాలనుకుంటే

పదేళ్లు కిరాయి కట్టాక కొనుక్కోవాలని అనిపించడం సహజమే. విదేశీయులు దుబాయ్‌లో ఎక్కడ పడితే అక్కడ కొనలేరు. 2006 నాటి 7వ నంబరు చట్టం కింద ప్రకటించిన ఫ్రీహోల్డ్ ప్రాంతాల్లోనే కొనాలి. మరీనా, జుమైరా విలేజ్ సర్కిల్, ఇంటర్నేషనల్ సిటీ వంటివి అందులో ఉన్నాయి.

8 లక్షల దిర్హాముల ఫ్లాట్ అనుకుంటే, మొదటి ఇంటికి బ్యాంకు ఇచ్చేది గరిష్ఠంగా 80 శాతం. డౌన్ పేమెంట్ 1,60,000. ల్యాండ్ డిపార్ట్‌మెంట్ ఫీజు 4 శాతం, 32,000. ఇది కొనేవాడు, అమ్మేవాడు పంచుకోవాల్సిందే అయినా ఆచరణలో మొత్తం కొనేవాడి నెత్తినే పడుతుంది. బ్రోకర్‌కు 2 శాతం, వ్యాట్‌తో 16,800. ట్రస్టీ ఆఫీసుకు 4,200. తనఖా రిజిస్ట్రేషన్ 1,890. దాదాపు 2,15,000 దిర్హాములు సొంతంగా ఉండాలి. 2025 ఫిబ్రవరి నుంచి రిజిస్ట్రేషన్ ఫీజును, బ్రోకర్ కమీషన్‌ను అప్పులో కలిపి ఇవ్వొద్దని యూఏఈ సెంట్రల్ బ్యాంకు చెప్పింది. నెలవారీ అప్పులన్నీ కలిపి ఆదాయంలో సగం దాటకూడదు. గడువు 25 ఏళ్లు మించకూడదు. కొన్నాక ఏడాదికోసారి సర్వీస్ ఛార్జీ కూడా ఉంటుంది. చదరపు అడుగుకు 15 దిర్హాములైతే 800 అడుగుల ఫ్లాట్‌కు 12,000.

వడ్డీ వద్దనుకునే కుటుంబాలకు ఇస్లామిక్ బ్యాంకుల దారి ఉంది. దుబాయ్ ఇస్లామిక్ బ్యాంకు 1975 నుంచే ఉంది. ఇజారాలో బ్యాంకు ఇల్లు కొని కిరాయికి ఇస్తుంది, చివర్లో పేరు మారుస్తుంది. తగ్గుతూ పోయే ముషారకాలో ఇద్దరూ వాటాదారులు, బ్యాంకు వాటాను కొద్దికొద్దిగా కొనుక్కుంటూ పోవాలి. ఈ ఒప్పందాల్లో ‘కిరాయి’ రేటు తరచుగా ఎమిరేట్స్ బ్యాంకుల మధ్య వడ్డీ రేటును చూసి మారుతుంది. అంటే షరియా ప్రకారం నిర్మాణం వేరైనా నెలవారీ భారం మాత్రం మార్కెట్‌తో పాటే పెరగొచ్చు. స్థిర రేటు ఎన్నేళ్లు, ఆలస్య రుసుము బ్యాంకు ఉంచుకుంటుందా ఖైరాత్‌కు ఇస్తుందా, ముందే తీర్చేస్తే ఎంత కోత అన్న మూడు ప్రశ్నలు బ్యాంకులో అడిగి, జవాబులు తమ ఆలిమ్‌కు చూపించుకోవడం మంచిది.

ఇంకా కట్టని బిల్డింగ్‌లో, ఒక శాతం కిస్తీలంటూ హైదరాబాద్ హోటళ్లలోనూ ఫ్లాట్లు అమ్ముతున్నారు. 2008 చివర్లో దుబాయ్ మార్కెట్ కూలినప్పుడు కిస్తీలు కట్టినవారి ప్రాజెక్టులు ఎన్నో మధ్యలో ఆగాయి. బిల్డర్ సొంత ఖాతాకు కాకుండా ప్రాజెక్టు ఎస్క్రో ఖాతాకే డబ్బు కట్టాలన్నది 2007 నాటి 8వ నంబరు చట్టం. కొన్నట్టు ‘ఊఖూద్’ అనే తాత్కాలిక రిజిస్టర్‌లో పేరు ఎక్కాలి. సేల్స్‌మన్ చెప్పే అద్దె ఆదాయం శాతంలోంచి సర్వీస్ ఛార్జీ, ఖాళీగా ఉన్న నెలలు తీసేసి లెక్క వేసుకోవాలి. గోల్డెన్ వీసా మాట కూడా అక్కడ ఎక్కువగా వినిపిస్తుంది. దానికి ఆస్తి విలువ కనీసం 20 లక్షల దిర్హాములు ఉండాలి.

ఇండియాలో ఉంటూ కొనేవారికి మన నియమాలు కూడా ఉన్నాయి. రిజర్వ్ బ్యాంకు పథకం కింద ఒక్కొక్కరు ఆర్థిక సంవత్సరానికి 2,50,000 డాలర్ల దాకానే పంపగలరు. 10 లక్షల రూపాయలు దాటిన మొత్తం మీద బ్యాంకు 20 శాతం టీసీఎస్ పట్టుకుంటుంది. దీన్ని రిటర్నులో సర్దుకోవచ్చు గానీ అప్పటిదాకా డబ్బు ఇరుక్కుంటుంది. బ్యాంకు కాకుండా హవాలా ద్వారా పంపితే రేపు అమ్మిన డబ్బు చట్టబద్ధంగా తెచ్చుకోవడానికి దారి మూసుకుపోతుంది. ఎన్నారైగా ఉన్నప్పుడు అక్కడి సంపాదనతో కొన్న ఇల్లు, తిరిగొచ్చాక కూడా ఉంచుకోవచ్చు. కానీ ఇక్కడ రెసిడెంట్ అయ్యాక ఇన్‌కమ్ ట్యాక్స్ రిటర్నులో విదేశీ ఆస్తుల షెడ్యూల్‌లో చూపించాలి, కిరాయి వస్తే ఆదాయంగా చెప్పాలి. చూపకపోతే 2015 నాటి నల్లధన చట్టం కింద 10 లక్షల రూపాయల జరిమానా పడొచ్చు.

సంపాదించే మనిషి చనిపోతే

మాట్లాడటానికి ఎవరికీ ఇష్టముండని విషయమిది. యూఏఈలో ముస్లిం ఆస్తి సాధారణంగా షరియా వాటాల ప్రకారమే పంచుతారు. వాటాలు తేలి కోర్టు వారసత్వ పత్రం ఇచ్చేదాకా ఆ వ్యక్తి బ్యాంకు ఖాతా ఆగిపోతుంది. ఒక్కరి పేరునే ఉన్న ఖాతాలో మొత్తం డబ్బు ఉంటే, భార్య చేతిలో వచ్చే నెల కిరాయికి కూడా ఏమీ మిగలకపోవచ్చు. ఆమె పేరున వేరే ఖాతా, అందులో మూడు నాలుగు నెలల ఖర్చు ఉండాలి. వసీయత్ రాసి కోర్టులో నమోదు చేయించుకోవచ్చు. అది ఆస్తిలో మూడో వంతు వరకే చెల్లుతుంది. పిల్లలు చిన్నవాళ్లయితే వాళ్ల సంరక్షణ ఎవరిదో అందులో రాయొచ్చు.

కిరాయి ఇంటి విషయంలో చట్టం కాస్త దయగానే ఉంది. కిరాయిదారు చనిపోతే ఒప్పందం రద్దు కాదు, వారసులకు వస్తుంది. వాళ్లు వద్దనుకుంటే 30 రోజుల నోటీసుతో ఖాళీ చేయొచ్చు. ఓనర్ వెంటనే ఖాళీ చేయమన్నా ఆ కుటుంబం కదలాల్సిన అవసరం లేదు. అయితే ఈజారీ కాగితం ఇంట్లో ఎక్కడుందో, చెక్కులు ఏ తేదీలకు ఇచ్చారో భర్తతో పాటు భార్యకు కూడా తెలిసి ఉండాలి. ఒక కాపీ ఇండియాలో తల్లిదండ్రుల దగ్గర ఉంచినా మంచిదే.